రేకుల గదిలో రెండు టైర్లు

మా ఇంట్లో ఏ వస్తువు కొన్నా మా నాన్న అడిగే మొదటి ప్రశ్న ఒక్కటే. "ఎన్నేళ్లొస్తుంది?" కుక్కరైనా, చెప్పులైనా, గొడుగైనా అదే ప్రశ్న. బాగుందా, నచ్చిందా, సుఖంగా ఉందా అన్నవి ఆయన లెక్కలోకి రావు. ముప్పై మూడేళ్ల వయసులో నేను నా జీతంతో, ఎవర్నీ అడక్కుండా, రెండే తలుపులూ రెండే సీట్లూ ఉన్న పసుప్పచ్చ స్పోర్ట్స్ కారొకటి సెకండ్ హ్యాండ్‌లో కొని, వనస్థలిపురంలో మా గేటు ముందు ఆపినప్పుడు కూడా, ఆయన దాని చుట్టూ రెండుసార్లు తిరిగి అదే అడిగారు.

"నేను నడిపినన్నాళ్లు వస్తుంది" అన్నాను.

పొగరు అనుకుంటారు. పొగరే. అప్పటిదాకా నేను వాడిన ప్రతి వస్తువూ ఎవరో ఒకరు మన్నిక చూసి ఎంచిందే. నా స్కూలు బ్యాగు, నా సైకిలు, నేను చదివిన డిగ్రీ, చివరికి నాకు చూసిన పెళ్లికొడుకులు కూడా. పెళ్లికొడుకుల్ని వద్దన్నాను, కారుని కావాలన్నాను. "పెళ్లి చేసుకోమంటే కారుని చేసుకుంది" అని మా కాలనీలో ఒక పిన్నిగారు అన్నారట. ఆవిడన్న దాంట్లో తప్పేం లేదు.

అది ఆదివారం ముచ్చటకి తీసే కారు కాదు. నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో ఎంట్రన్స్ పిల్లలకి ఫిజిక్స్ చెప్పేదాన్ని. రోజూ పొద్దున్నే బయల్దేరి చింతలకుంట, ఎల్బీనగర్ చౌరస్తా, కొత్తపేట పండ్ల మార్కెట్ దాటుకుని వెళ్లడం, మధ్యాహ్నం అదే దారిన తిరిగి రావడం. సీటు నిండా సుద్దపొడి. వెనక అద్దం దగ్గర ఆన్సర్ షీట్ల కట్ట. తలుపులో ఇరుక్కుని నలిగిన చున్నీలకి లెక్కలేదు. స్పీడ్ బ్రేకర్ వస్తే ఏటవాలుగా, మెల్లగా ఎక్కించాలి, లేకపోతే కారు కడుపు గీసుకుంటుంది. సిగ్నల్ దగ్గర ఆగితే నా తల పక్కన బస్సు చక్రం ఉండేది. ఆటోవాళ్లు లోపలికి తొంగి చూసి, నడిపేది ఆడమనిషని తెలిసి, ఇంకోసారి తొంగి చూసేవాళ్లు. చూడనీ, నాకేం పోయింది అనుకునేదాన్ని.

కారు అమ్మినాయన దానితోపాటు రోడ్డెక్కని కొత్త టైర్లు రెండు ఊరికే ఇచ్చాడు. కారుని చూసి ముఖం ముడుచుకున్న నాన్న వాటిని చూసి మాత్రం సంతోషపడ్డారు. "వీటిని ఇప్పుడు వాడొద్దు. అవసరానికుంటాయి" అని ఆయన స్వాధీనం చేసుకున్నారు. తెల్ల ఎనామిల్ పెయింటు తెచ్చి రెండిటి మీదా మా ఇంటి నంబరు రాశారు. బకెట్ల మీద, నిచ్చెన మీద, ప్లాస్టిక్ కుర్చీల వెనక, అన్నిటి మీదా ఆయన నంబరు రాస్తారు. మా ఇంట్లో నంబరు లేనిది మేం ముగ్గురమే. తర్వాత వాటిని పాత దుప్పట్లో చుట్టి, తాడుతో కట్టి, మేడ మీద రేకుల గదిలో పెట్టి తాళం వేశారు. ఆ గదిలో అప్పటికే అమ్మ పుట్టింటివాళ్లు పెట్టిన స్టీలు డిన్నర్ సెట్టు, పెట్టె విప్పని మిక్సీ, ఎవరో సన్మానంలో కప్పిన శాలువాలు అవసరం కోసం ఎదురుచూస్తూ ఉన్నాయి.

కారు కొన్న నాలుగో ఏటికి తెలంగాణ ఉద్యమం మా దారి మీదికే వచ్చింది. ఇవాళ బంద్, ఎల్లుండి రాస్తారోకో. నా క్లాసులో సగంమంది ర్యాలీలకి పోయేవాళ్లు, మర్నాడు బొంగురు గొంతులతో వచ్చి ఘర్షణ లెక్కల్లో డౌట్లడిగేవాళ్లు. స్టాఫ్ రూమ్‌లో అటువాళ్లు ఒక బల్ల దగ్గర, ఇటువాళ్లు ఒక బల్ల దగ్గర టిఫిన్ డబ్బాలు విప్పడం మొదలైంది. "మీరు ఎటు మేడం?" అని అడిగితే "క్లాసుకి టైమైంది, అటు" అని సుద్దముక్క తీసుకుని లేచేదాన్ని.

నాన్నది గుడివాడ దగ్గర పల్లెటూరు. ఉద్యోగం మీద వచ్చి మూసారాంబాగ్‌లో అద్దెకి దిగారు. నేను పుట్టింది ఆ అద్దె ఇంట్లోనే. వనస్థలిపురంలో ఇల్లు తర్వాత కట్టారు. నేను ఇంట్లో "ఏంటి" అంటాను, గడప దాటగానే "ఏంది" అంటాను, రెండూ తడుముకోకుండానే వస్తాయి. ఇందులో ఏది నీ అసలు భాష అని ఎవరైనా అడిగితే ఒళ్లు మండుతుంది. తెలంగాణ కావాలని అడగడంలో నాకు తప్పేం కనబడలేదు. కాని ఆ మాట ఇంట్లో అనలేదు. నాన్న భయం చూశాక అనబుద్ధి కాలేదు.

ఆయన భయానికి కొన్ని పద్ధతులుండేవి. గేటుకున్న ఇంటిపేరు పలక ఊడదీసి లోపల పెట్టారు. యాస బయటపడుతుందని కూరగాయల బండి దగ్గర మాట్లాడ్డం మానేసి, వంకాయల్ని వేలితో చూపించేవారు. ఎవరైనా ఏ ఊరని అడిగితే ఖమ్మం అని చెప్పాలని అమ్మకీ నాకూ నేర్పారు. ఖమ్మం అయితే మాట మన మాటకి దగ్గర, జిల్లా మాత్రం తెలంగాణ. నేను చెప్పనన్నాను. "ఒదిగి ఉండాలమ్మా, ఇది తల ఎత్తుకు తిరిగే కాలం కాదు" అనేవారు. అలా ఒదిగి ఉన్న ఇంటి ముందు, వీధి మొదట్నుంచే కనపడే పసుప్పచ్చ కారు. పోనీ తెల్ల రంగు వేయించమన్నారు. వేయించలేదు.

ఆ ఏడు వానలకి ముందు కారు వెనక టైర్లు రెండూ అరిగి నున్నగా అయిపోయాయి. నాన్నకి పండగే. రేకుల గది తాళం తీసి, దుప్పటి విప్పి, "చూశావా, దాచినవి ఎలా అక్కరకొచ్చాయో" అన్నారు. చూస్తే నిజంగానే కొత్తవి. గ్రిప్పు గాడులు లోతుగా ఉన్నాయి. అచ్చులోంచి వచ్చినప్పటి సన్నటి రబ్బరు వెంట్రుకలు కూడా ఊడలేదు. వీధి చివర పంక్చర్ షాపులో వేయించాను, అమ్మ నిమ్మకాయలు పెట్టి తొక్కించింది. పదేళ్లకి పైగా ఘర్షణ పాఠం చెబుతున్న నేను, ఆ గాడులు చూసి మురిసిపోయాను గాని రబ్బరుని వేలితో నొక్కి కూడా చూడలేదు. తప్పంతా నాన్నదేనని తర్వాత, సంగతి తెలిసిన రోజు, ఇల్లెగిరిపోయేలా అరిచాను. అందులో సగం నాది.

మొదటి వాన పడ్డ శుక్రవారం మధ్యాహ్నం ఇంటికొస్తున్నాను. చింతలకుంట దగ్గర రోడ్డు పల్లంలోకి దిగుతుంది. ముందు ఆటో ఆగితే బ్రేక్ మీద కాలు పెట్టాను, గట్టిగా కూడా కాదు. కారు వెనక భాగం నన్నడక్కుండా పక్కకి పోయింది. స్టీరింగ్ తిప్పాను, మాట వినలేదు. ఆటో, డివైడర్, ఆకాశం, మళ్లీ ఆటో. ఆగేసరికి నేను వచ్చిన వైపుకే తిరిగి ఉన్నాను. నా ఎదురుగా, బారెడు దూరంలో సిటీ బస్సు. దాని డ్రైవరు రెండు చేతులూ స్టీరింగ్ మీదే పెట్టుకుని నన్నే చూస్తున్నాడు. తిట్టలేదు. తిట్టినా బాగుండేది. ఎవరికీ ఏం కాలేదు, డివైడర్‌కి తగిలి నా కారు వెనక బంపరు చీలిందంతే.

ఆ బస్సులో మా కాలనీ ఆయనొకరున్నారు. సెల్‌ఫోన్ కూడా ఉంది ఆయన దగ్గర. నేను ఇల్లు చేరేసరికి నాన్న గేటు దగ్గర నిలబడి చేయి చాపారు.

"తాళాలియ్యి."

"రోడ్డు తడిగా ఉంది నాన్నా."

"రోడ్డు అందరికీ తడిగానే ఉంది. వాళ్లెవరూ గిరగిరా తిరగలేదు. కొత్త టైర్లు వేశాక కూడా ఇలా తిరిగిందంటే దోషం బండిలోనే ఉంది. ఊరందరి కళ్లల్లో పడుతూ తిరిగింది చాలు. వచ్చే శనివారం బ్రోకర్ని రమ్మంటాను, అమ్మేద్దాం. మంచి తెల్ల కారు చూసుకో, ఇరవయ్యేళ్లు వచ్చేది."

ఇరవయ్యేళ్లు మన్నే తెల్ల కారులో, ఎవరికీ కనపడకుండా, యాభై ఏడేళ్లు వచ్చేదాకా దిల్‌సుఖ్‌నగర్ వెళ్లి వస్తున్న నన్ను నేను ఊహించుకున్నాను. బస్సుకి ఎదురుగా తిరిగినప్పటి కన్నా ఇప్పుడెక్కువ భయమేసింది. ఈ బతుకులో నేనొక్కదాన్నే ఎంచుకున్నది ఆ కారొక్కటే.

"నా కారు నేను అమ్మను" అన్నాను.

"నువ్వు పోతే నేను చూడలేను" అన్నారు.

వాదన ఆపి పందెం కట్టాను. జారింది కొత్తగా టైర్లు వేసిన వెనక భాగమే, నా అనుమానం వాటి మీదే. "శుక్రవారంలోగా వేరే టైర్లు వేయిస్తా. నువ్వు నా పక్కన కూర్చో. అదే చింతలకుంట పల్లంలో, తడి రోడ్డు మీద బ్రేక్ కొడతా. బెత్తెడు పక్కకి జారినా శనివారం నేనే సంతకం పెడతా. జారకపోతే ఇంకెప్పుడూ అమ్మమని అనకూడదు." నాలుగేళ్లలో ఒక్కసారీ ఆ కారెక్కని మనిషి. సరేనన్నారు. నాన్న మాటిస్తే తప్పరు.

సోమవారం కారుని నడక కన్నా కొంచెం వేగంగా నడుపుకుంటూ, ఎల్బీనగర్ నుంచి మన్సూరాబాద్ వైపు తిరిగే రోడ్డు మీదున్న టైర్ల షాపుకి వెళ్లాను. యజమాని నల్గొండ పల్లెటూరి మనిషి, యాభై దాటినవాడు. లారీ క్లీనరుగా మొదలై టైర్ల పనిలోకి వచ్చాడట. షాపు మీద ప్రత్యేక రాష్ట్రం కావాలన్న బ్యానరు, పక్కన పాత టైర్ల కుప్ప ఉన్నాయి. ప్రతి బంద్‌కీ ముందు రోజు సాయంత్రం ఆ కుప్ప తగ్గిపోయేది. చౌరస్తాలో కాల్చడానికి ఉద్యమంలో ఉన్నవాళ్లు వచ్చి పట్టుకుపోయేవాళ్లు.

"సారు రాలేదా మేడం?" అన్నాడాయన.

"ఏ సారు?"

"బండి నడిపే సారు."

"ఆ సారుని నేనే."

"గట్లనా" అని ఆయన కారు వెనక్కి పోయి గొంతుక్కూర్చున్నాడు. టైరు తడిమాడు. బొటనవేలి గోరు రబ్బరులోకి దించి చూశాడు. దిగలేదు.

"గివి ఎవలేసిన్రు?"

"నేనే ఏయించిన. కొత్తవే. వాడకుండా దాచినవి."

"యాడ దాసిన్రు?"

"మేడ మీద రేకుల గదిలో."

అప్పుడు నవ్వాడు. "ఎండకాలం రేకుల కింద మనిషే ఎండిపోతడు, రబ్బరు ఎండదా? గీడ సూడుండ్రి." టైరు మీద చిన్న గడిలో పొడుచుకొచ్చిన నాలుగంకెల మీద వేలుపెట్టాడు. "ముందటి రెండంకెలు ఏ వారమో చెప్తయ్. ఎన్కటి రెండు ఏ సంవత్సరమో చెప్తయ్. గప్పుడు పుట్టింది గిది. ఎనిమిదేండ్లయింది. నడిస్తెనే టైరుకు వయసైతదని అనుకుంటరు. ఉత్తగ కూసున్నా అయితది. గిది రబ్బరు గాదు మేడం, రాయి. పైన గ్రిప్పు ఉంటే ఏం ఫాయిదా?"

నేను కూడా కిందికి వంగి చూశాను. అంటే మా ఇంటికి వచ్చేనాటికే వాటికి నాలుగేళ్లు. ఆ నాలుగంకెలకి రెండంగుళాల దూరంలో, తెల్లగా, గీత వంకరపోకుండా, మా ఇంటి నంబరు. నాకు ముందు కోపమే వచ్చింది. ఆ కోపంలోనే ఏడుపు కూడా వచ్చింది. మా ఇంట్లో ప్రేమంటే దాచడం. నాన్న ఆ టైర్లని దాచినట్టే నన్నూ దాచాలని చూస్తున్నారు, ఎండకీ వానకీ తగలకుండా, దుప్పట్లో చుట్టి, నా మంచి కోసమే. నేను ఆ గదిలోకి పోనుగాక పోను అనుకున్నాను.

"ఇప్పుడేం వేయాలి?" అన్నాను.

ఆయన ముందు ట్యాక్సీలవాళ్లు వేసుకునే టైరొకటి దొర్లించుకొచ్చాడు. "గిది ఎయ్యిండ్రి. ఐదేండ్లు మర్ల సూడరు." నాన్న అక్కడుంటే దానికి దండం పెట్టేవారు. నేను గోరు దించి చూశాను, దిగీ దిగనట్టు దిగింది. గట్టి రబ్బరు ఎక్కువ కాలం వస్తుంది, గట్టి రబ్బరే తడిలో జారుతుంది. వద్దన్నాను.

నా కళ్లు గోడకి వేలాడుతున్న ఇంకోదాని మీద ఉన్నాయి. బాగా వెడల్పు, పక్కలు సన్నం, రేసు కార్లకి ఉండేలాంటిది. అది వేస్తే కారు ఇంకా కిందికి, ఇంకా వెడల్పుగా కనిపిస్తుంది. కాలనీకీ, నాన్నకీ, ఆ బ్రోకర్‌కీ ఒకేసారి జవాబు చెప్పినట్టుంటుంది. "అది వేయండి" అన్నాను.

"రోజు యాడికి పోతరు?"

"దిల్‌సుఖ్‌నగర్."

"అయితె వద్దు. కొత్తపేట గుంతలల్ల నెల తిరగకముందే రిమ్ము వంగుతది. వాన పడ్డదంటె గింత ఎడల్పు టైరు నీళ్ల మీద తేల్తది. సూసెటోళ్ల కోసం ఎయ్యాల్నంటె ఎయ్యిండ్రి. నడుపుటానికైతె వద్దు."

ఓడిపోవడం ఇష్టం లేక, "వెడల్పైనంత మాత్రాన జారదు. ఘర్షణ వైశాల్యం మీద ఆధారపడదు" అన్నాను. ఏటా బోర్డు మీద రాసే వాక్యం అది.

"ఎవలు చెప్పిన్రు?"

"పుస్తకంలో ఉంది."

"పుస్తకంల వాన పడ్తదా మేడం?"

మర్నాడు క్లాసులో ఆ వాక్యం రాసి, పక్కన "పొడిగా, గట్టిగా ఉన్న తలాలకి" అని కలిపాను. ఇప్పటికీ కలుపుతాను. కాని ఆ రోజు నన్ను ఎక్కువ గుచ్చింది వాన మాట కాదు, చూసేవాళ్ల మాట. నాన్న నలుగురూ చూస్తారని దాక్కుంటున్నారు. నేను నలుగురూ చూడాలని టైర్లు ఎంచుకుంటున్నాను. ఇద్దరం ఆ నలుగురి కోసమే ఛస్తున్నాం.

"ఇంకోటున్నది" అన్నాడాయన నా ముఖం చూసి. "ఈడ లేదు, తెప్పియ్యాలె. మీ బండికి మొదట్ల ఏ సైజు ఒచ్చిందో గదే సైజు. రబ్బరు మెత్తగుంటది. నీళ్లు పక్కలకు కొట్టెటందుకు లోతు గాడులుంటయ్. కని రెండేండ్లకు మించి రావు. ముందుగాల్నే చెప్తున్న, తర్వాత నన్ను తిట్టొద్దు. నీళ్లల్ల మాత్రం రోడ్డును ఇడ్వది."

"నాలుగూ తెప్పించండి."

"రెండేండ్లే వస్తయన్న."

"విన్నా. తెప్పించండి."

మన్నిక తక్కువని తెలిసి ఒక వస్తువు కొన్నవాళ్లు మా వంశంలో అంతకుముందు ఉండి ఉండరు. ఆయన ఫోన్‌లో ఆర్డరు చెప్పి, నా వైపు తిరిగి, "మీరు ఆంధ్రోళ్లా మేడం?" అన్నాడు. అందులో విషం లేదు, ఉత్త ఆరా.

"నేను మూసారాంబాగ్‌ల పుట్టిన. మీరు?"

"నల్గొండ దిక్కు."

"అయితే ఈ ఊరికి నాకన్నా మీరే కొత్త."

ఆయన పొట్ట పట్టుకుని నవ్వాడు. "గదైతె నిజమే" అని చాయ్ తెప్పించాడు.

నేను ఇంట్లో అరిచింది ఆ సాయంత్రమే, రాయైపోయిన రబ్బరు సంగతి నాన్నకి చెబుతూ. టైర్లు గురువారం వచ్చాయి. బిగించే ముందు నాలుగిటి మీదా నాలుగంకెలు నేనే చదివాను. పుట్టి మూడు నెలలు కూడా కాలేదు. గోరు దించితే కొత్త సబ్బులో దిగినట్టు దిగింది. "పాతయి ఈడనే ఇడ్సిపోండ్రి" అన్నాడాయన. వదిలేశాను. ఆయన షట్టరు దించడానికి తొందరపడుతున్నాడు, ఎందుకంటే మర్నాడు బంద్. నాకేమో మర్నాడు తప్ప ఇంకో రోజు లేదు. శనివారం బ్రోకర్ వస్తాడు.

శుక్రవారం పొద్దున్నే లేచి చూస్తే సన్నటి జల్లు. దేవుడు నా పక్షమే అనుకుని నాన్నని లేపాను.

"ఇవాళ బంద్" అన్నారు ఆయన కళ్లు తెరవకుండానే.

"తెలుసు."

"బంద్ రోజు బండి తీస్తే అద్దాలు పగలగొడతారు."

"పగిలితే వేయించుకుంటా. శుక్రవారం దాకా అని మాటిచ్చావు. ఇవాళ శుక్రవారం."

అమ్మ ఆయన చేతికి కాఫీ గ్లాసిచ్చి, "వెళ్లండి. మీ ఇద్దరి మొండితనానికి ఆ రెండు సీట్లూ సరిగ్గా సరిపోతాయి" అంది.

నాన్న కారెక్కడానికే రెండు నిమిషాలు పట్టింది. "పీట మీద కూర్చున్నట్టుందేంటే" అన్నారు. హైవే మీద పురుగు లేదు. షట్టర్లన్నీ దించి ఉన్నాయి. బంద్ రోజు మా రోడ్డు ఎంత వెడల్పుగా ఉంటుందో నాకు అప్పుడే తెలిసింది. చింతలకుంట పల్లం కనపడగానే వేగం పెంచాను. నాన్న ఒక చేత్తో తలుపు, ఒక చేత్తో నా చున్నీ పట్టుకున్నారు.

"నాన్నా, కొడుతున్నా."

కాలు మొత్తం దించాను. కారు ముక్కు వంచింది. సీటు బెల్టు భుజాన్ని కోసింది. నాన్న కళ్లజోడు ఊడి ఒళ్లో పడింది. అంతే, కారు ఆగిపోయింది. గీత గీసినట్టు, తిన్నగా, నీళ్ల మధ్యలో. నేను స్టీరింగ్ మీద నుంచి చేతులు తీసి ఆయనకి చూపించాను.

ఆయన కళ్లజోడు పెట్టుకుని వెనక్కి తిరిగి రోడ్డు చూశారు. "ఇంకోసారి కొట్టు" అన్నారు.

ఇంకోసారి కొట్టాను. ఆ పైన వెనక్కి తిరగాలంటే డివైడర్ సందు ఎల్బీనగర్ చౌరస్తా దగ్గరే ఉంది. తొందరగా తిప్పేసుకుని పోదాం అనుకున్నాను. తీరా వెళ్తే అప్పటికే ఏడెనిమిది మంది యువకులు అక్కడ టైర్లు పేరుస్తున్నారు. ఒకతను చేయి అడ్డం పెట్టాడు. ఇంకొకతను వచ్చి బానెట్ మీద అరచేత్తో చరిచాడు.

"బంద్ అని తెల్వదా అక్కా? యాడికి?"

అద్దం దించాను. "కొత్త టైర్లేయించిన. బ్రేకులు పడ్తున్నయా లేదా చూసుకుంటున్న. వాపస్ ఇంటికే పోతున్నం. బానెట్ మీద కొట్టకు తమ్మీ."

"కొడ్తే ఏమైతది?"

"నాకు కోపమొస్తది."

అతను నన్ను వదిలేసి, కిటికీలోంచి వంగి నాన్నని చూశాడు. "ఏ ఊరు పెద్దాయనా మీది?"

నేనూ నాన్ననే చూశాను. ఖమ్మం అన్న మాట ఆయన పెదాల దాకా వచ్చింది. నాకు కనపడింది. కాని ఆయన ఆ యువకుడిని చూడటం లేదు, అతని వెనకున్న టైర్ల కుప్పని చూస్తున్నారు. అన్నిటికన్నా పైన ఉన్న టైరు మీద, తెల్ల పెయింటుతో, మా ఇంటి నంబరు.

నేను ఆపేలోపే నాన్న తలుపు తీసి, మోకాళ్లు పట్టుకుని దిగి, కుప్ప దగ్గరికి వెళ్లిపోయారు. టైరు మీద చేయి వేసి "ఇది నాది" అన్నారు.

వాళ్లు ఒకర్నొకరు చూసుకున్నారు. "వాపస్ ఇయ్యం పెద్దాయనా."

"వాపసెందుకు బాబూ? ఈ నంబరు రాసింది నేనే. నాలుగేళ్లు దుప్పట్లో పెట్టి దాచాను. దాచి దాచి దీన్ని రాయిని చేశాను. ఇది మా అమ్మాయి ప్రాణం మీదికి తెచ్చింది. దీని జత కూడా ఇక్కడే ఎక్కడో ఉండాలి చూడండి. ఈ రెండూ ముందు తగలబెట్టండి."

అరగంట ముందు బంద్ అని వణికిన మనిషి. ఆ మాటల్లో ఒక్కటి కూడా ఖమ్మంది కాదు, అన్నీ అచ్చం గుడివాడ మాటలే. ఒకతను నవ్వు ఆపుకోలేక పక్కకి తిరిగాడు. బానెట్ కొట్టినతను మాత్రం నవ్వకుండా మళ్లీ అడిగాడు. "ఏ ఊరు నీది?"

"గుడివాడ పక్కన. ఈ ఊరొచ్చి నలభై ఏళ్లవుతోంది. ఇల్లు వనస్థలిపురంలో, సొంత ఇల్లు. నంబరు ఇదిగో" అని నాన్న టైరు మీద తెల్ల అంకెల్ని ఒక్కొక్కటే వేలితో చూపించారు.

కాలు యాక్సిలరేటర్ మీద పెట్టుకుని కూర్చున్నాను, ఏం చేద్దామనో నాకే తెలియదు. అతను ఆ నంబరు వైపు చూశాడు, నాన్న వైపు చూశాడు.

"సరె తాతా" అన్నాడు చివరికి. "పొయ్యి మంచిగ ఇంట్ల కూసో. అక్కా, దిల్‌సుఖ్‌నగర్ దిక్కు మాత్రం పోకు, ఆడ లొల్లి అయితున్నది." డివైడర్ సందులో అడ్డం పెట్టిన టైరుని వాళ్లే పక్కకి జరిపి దారిచ్చారు.

అద్దంలో పొగ లేవడం కనిపించింది. నాన్న కళ్లజోడు తీసి చొక్కా అంచుతో చాలాసేపు తుడిచారు. చింతలకుంట దాటాక అడిగారు, నేను ఎదురుచూస్తున్న ప్రశ్నే.

"ఇవి ఎన్నేళ్లొస్తాయి?"

"రెండేళ్లు."

"రెండేళ్లేనా?"

"రెండేళ్లే. రోజూ నడిపితే అరిగిపోతాయి. మళ్లీ కొనాలి."

ఆయన ఇల్లు చేరాక కూడా అమ్మకం మాట గాని, పందెం మాట గాని ఎత్తలేదు. నేనూ అడగలేదు. మనిషి ఒక్క పొద్దులో మారిపోయాడని చెబితే అబద్ధం. ఆ మిక్సీ ఇవాళ్టికీ రేకుల గదిలోనే ఉంది.

మర్నాడు శనివారం నేను మామూలుగానే క్లాసుకి వెళ్లిపోయాను. బ్రోకర్ పదకొండింటికి కొనేవాణ్ణి వెంటబెట్టుకుని వచ్చాడట. తర్వాత జరిగింది అమ్మ చెప్పింది. నాన్న వరండాలో పేపరు చదువుకుంటూ కుర్చీలోంచి లేవలేదట. కారేదండీ అని అడిగితే "లేదు, డ్యూటీకెళ్లింది" అన్నారట.

"పోనీ ఏ రోజు రమ్మంటారండీ, బండి ఇంట్లో ఉండేది?"

"అది ఇంట్లో ఉండే బండి కాదు బాబూ" అన్నారట నాన్న. "రోజూ వెళ్తుంది."